క్రిస్మస్ నెల తిండి: కేకు ముక్క, అరిసె, ఖాళీగా తిరిగి పోని డబ్బా

హైదరాబాద్‌లో క్రిస్మస్ తిండి 25వ తేదీన మొదలవదు. డిసెంబరు మొదటి వారానికే ఆఫీసుల్లో, స్కూళ్లలో, సంఘాల్లో సెమీ క్రిస్మస్ పేరుతో కేకులు కోయడం మొదలవుతుంది. ఆ తర్వాత క్యారల్స్ బృందాలు బయల్దేరతాయి. రాత్రి పదకొండు దాటాక తలుపు తట్టినా ఏ ఇంటివాళ్లూ పాడించుకుని ఊరికే పంపరు. ఒక ముక్క కేకు, రెండు జంతికలు, చిన్న కప్పు టీ చేతిలో పెడతారు. ఎనిమిది ఇళ్లు తిరిగితే ఎనిమిది ముక్కలు. 25న ఆరాధన అయ్యాక విందు, 31 రాత్రి కొత్త ఏడాది కోసం మేలుకుని చేసే వాచ్ నైట్ ప్రార్థన, అది ముగిసిన రెండు వారాలకు సంక్రాంతి. క్రిస్మస్‌కు మనం పంపిన డబ్బాలే అప్పుడు పక్కింటి సకినాలతో, అరిసెలతో నిండి తిరిగొస్తాయి. ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదన్న మర్యాద ఈ ఊళ్లో మతం చూడదు. లెక్కేస్తే అటూ ఇటూ నలభై రోజుల తిండి ఇది.

అందుకే ‘పండగ పూట కాస్త నోరు కట్టుకోండి’ అన్న సలహా గురి తప్పుతుంది. అమెరికాలో పెద్దవాళ్ల బరువును నవంబరు చివరి నుంచి జనవరి దాకా కొలిచి, 2000లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆ పండగ రోజుల్లో సగటున పెరిగింది 0.37 కిలోలే. జనం ఊహించుకునేదానికంటే ఇది బాగా తక్కువ. చిక్కల్లా ఆ కాస్త బరువూ తర్వాతి నెలల్లో దిగలేదు. ఏడాదికి ఇంత చొప్పున చేరుతూ పోతే పదేళ్లకు ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు. 25 మధ్యాహ్నం పెట్టిన విందు ఒంటికి చేసే చేటు చిన్నది. దానికి ముందూ వెనకా నిలబడి, నడుస్తూ, ఫోన్ చూస్తూ నోట్లో వేసుకున్నవే అసలు బరువు.

పళ్లెం ఎందుకు ఆగనివ్వదు

ఒకే రుచిని తింటూ పోతే నాలుక దానికి అలసిపోతుంది. మూడో లడ్డూ మొదటిదాని లాగా ఉండదు. కడుపు నిండకముందే ఆ రుచి మీద మొహం మొత్తడాన్ని ఆహార శాస్త్రంలో సెన్సరీ స్పెసిఫిక్ సెటైటీ అంటారు, అంటే రుచివారీ తృప్తి. కానీ ఆ మొహమెత్తడం ఆ ఒక్క రుచికే. పక్కన వేరే రుచి కనిపిస్తే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. మన పండగ పళ్లేన్ని సరిగ్గా దీనికోసమే కనిపెట్టారా అనిపిస్తుంది. కేకు ముక్క పక్కన చెగోడీ, దాని పక్కన కజ్జికాయ, ఆ పక్కన కారప్పూస. తీపి విసుగు పుట్టించే లోపు కారం, కారం మండే లోపు తీపి. ఒక్క రకమే పెడితే రెండు తిని లేచే మనిషి, ఐదు రకాలు పెడితే ఆరేడు తింటాడు. తిండిపోతు కానక్కర్లేదు, ఎవరైనా అంతే.

దీని మీద కడుపు నుంచి ‘చాలు’ అన్న కబురు పైకి చేరడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది. అతిథి వచ్చి కూర్చుని, పళ్లెం ఖాళీ చేసి, టీ తాగి లేచేసరికి అయ్యే సమయం కూడా ఇంచుమించు అంతే. అంటే కబురు చేరేసరికి అతను పక్కింట్లో ఉంటాడు.

వడ్డించే ఇంటివాళ్లు చేయగలిగినది ఒకటే. పళ్లెంలో రెండు రకాలు చాలు, ఒక తీపి, ఒక కారం. మిగతావి వంటింట్లోనే ఉండాలి. ‘అన్నీ పెట్టకపోతే ఏమనుకుంటారో’ అన్న భయం సహజమే. కాబట్టి మిగిలిన రకాలు చిన్న పొట్లంగా కట్టి ఇంటికి ఇస్తే మర్యాదా దక్కుతుంది, అక్కడికక్కడే తినే ఒత్తిడీ ఉండదు. క్యారల్స్ పిల్లలకైతే అర్ధరాత్రి కేకు కంటే వేడివేడి సూపో అల్లం టీయో ఎక్కువ మేలు. అరిచి అరిచి గొంతు పోయి ఉంటుంది వాళ్లకు.

కేకు లోపల ఏముంది

ప్లమ్ కేకులో ప్లమ్ పండు ఉండదు. ఒకప్పటి ఇంగ్లీషులో ఆ మాటకు ఎండుద్రాక్ష అనే అర్థం కూడా ఉండేది, పేరు అలా నిలిచింది. సికింద్రాబాద్ కంటోన్మెంటు పుణ్యమా అని ఈ కేకు, దాంతోపాటు గులాబీ పువ్వులు అనే అచ్చు పిండివంట, చుట్టి వేయించే తీపి కల్‌కల్స్ ఇక్కడి ఇళ్లలోకి వచ్చాయి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వంటిళ్ల నుంచి చుట్టుపక్కల తెలుగు ఇళ్లకూ పాకాయి. ఇప్పుడు డిసెంబరులో మోండా మార్కెట్, బేగంబజార్ ఎండుపళ్ల దుకాణాల ముందు నిలబడి చూస్తే ఎవరింట్లో ఏం తయారవుతోందో సంచీలే చెప్తాయి.

ఇంట్లో చేసే ఒక కేకు లెక్క దగ్గర నుంచి చూద్దాం. మైదా 200 గ్రాములు, వెన్న 200, గోధుమరంగు పంచదార 150, నాలుగు గుడ్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను. కారమెల్ కోసం ఇంకో 150 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు. ఎండుద్రాక్ష, నల్ల ద్రాక్ష, ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్క కలిపి 400 గ్రాములు. జీడిపప్పు, బాదం 100. దాల్చినచెక్క పొడి ఒక టీస్పూను, శొంఠి అర, లవంగం, జాజికాయ పావు పావు. పళ్లను 150 మిల్లీలీటర్ల ద్రాక్షరసంలో కానీ రమ్ములో కానీ నానబెట్టాలి. రసంలో అయితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే. బయట వారాల తరబడి ఉంచితే పులిసిపోతుంది. వారాల ముందే నానబెట్టే పద్ధతి మద్యంతో చేసేవాళ్లది.

ఇందులో చెడిపోయే మొదటి చోటు కారమెల్. మందపాటి గిన్నెలో పంచదార ఒక్కటే వేసి సన్న సెగ మీద కరగనివ్వాలి. మొదట తేనె రంగు, తర్వాత గోధుమ, ఆపైన ఎర్రటి ముదురు రంగు వస్తుంది. సన్నగా పొగ కనిపించిన క్షణంలో స్టవ్ కట్టేయాలి. అరనిమిషం ముందైతే కేకు పాలిపోయి ఉత్త తీపిగా ఉంటుంది, అరనిమిషం ఆలస్యమైతే చేదు. చాలామంది ఆ చేదును కప్పిపుచ్చడానికి ఇంకో యాభై గ్రాముల పంచదార కలుపుతారు. చేదు పోదు, తీపి మాత్రం పెరుగుతుంది. నీళ్లు పోసేటప్పుడు ఆవిరి ఒక్కసారిగా ఎగుస్తుంది కాబట్టి లోతైన గిన్నె వాడి, చెయ్యి దూరంగా పెట్టాలి. చన్నీళ్లు పోస్తే పంచదార రాయిలా గడ్డ కడుతుంది. భయపడక్కర్లేదు, సన్న సెగ మీద మళ్లీ కరుగుతుంది. పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి, లేదంటే గిలక్కొట్టిన వెన్న కరిగి కేకు జిడ్డుగా, బరువుగా దిగుతుంది.

వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలక్కొట్టి గుడ్లు ఒక్కొక్కటిగా వేయాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గుడ్లయితే మిశ్రమం విరిగినట్టు అవుతుంది. ఒక చెంచా మైదా వేస్తే సర్దుకుంటుంది. పళ్లు అడుగుకు దిగిపోవడానికి కారణాలు రెండు: పళ్లలోని తడి, పిండి జారుడు. జల్లెడలో వడకట్టి, కొలిచిన మైదాలోంచే రెండు చెంచాలు తీసి పళ్లకు పట్టించాలి. 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్‌లో గంటంబావు నుంచి గంటన్నర. 180కి పెడితే పైన పగిలి కొండలా లేచి, లోపల పచ్చిగా ఉంటుంది. కుక్కర్‌లో చేసేవాళ్లు గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద గిన్నె పెట్టి, అతి సన్న సెగ మీద ఉంచాలి. గిన్నె ఉప్పుకు తగలకూడదు.

ఇప్పుడు కేకు ఇంచుమించు 1,400 గ్రాములు తూగుతుంది. మొత్తం శక్తి 5,400 కేలరీల దగ్గర. 24 ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 60 గ్రాములకు అటూ ఇటూ, దాదాపు 225 కేలరీలు, కలిపిన పంచదార 12 గ్రాములు. ఎండుపళ్లలో సహజంగా ఉన్న తీపి దీనికి అదనం. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, పంచదార రోజు మొత్తం శక్తిలో 5 శాతానికి మించకూడదు. 2,000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు. రెండు ముక్కలతో ఆ రోజు కోటా సరి. టీలో వేసుకునే పంచదారకు చోటు లేదు.

బేకరీలో ముక్క 60 గ్రాములుండదు. చేతికి నిండుగా కనిపించాలని కోస్తారు కాబట్టి తేలిగ్గా 90, 100 ఉంటుంది. గుండ్రటి కేకును త్రికోణాలుగా కోస్తే సన్న ముక్క తీయడం కుదరదు కూడా, విరిగిపోతుంది. అందుకే అదే పిండిని రెండు పొడవాటి బ్రెడ్డు అచ్చుల్లో వేసుకోవడం మంచి ఉపాయం. ఒక్కోదాన్ని పన్నెండుగా కోస్తే ముక్క వేలి మందాన వస్తుంది. ఒక రాత్రి ఆగి, రంపపు పళ్ల కత్తితో కోయాలి. వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలిన పొడి, వంకరగా వచ్చిన అంచులు, కత్తికి అంటినవి, ఇవన్నీ కోసేవాళ్ల నోట్లోకే పోతాయి. రెండు కేకులు కోసిన మనిషి కూర్చుని ముక్క తినకుండానే రెండు ముక్కలు తిన్నట్టు. ఒక చిన్న గిన్నె పక్కన పెట్టుకుని పొడి అందులో వేస్తూ పోతే ఎంతో కళ్లకు కనిపిస్తుంది.

బెల్లమే కదా అన్న ధీమా

కేకు అంటే మైదా, వెన్న అని భయపడే పెద్దవాళ్లు అరిసె దగ్గర ధైర్యంగా ఉంటారు. బియ్యం, బెల్లం, నువ్వులు, అన్నీ మనవేనని. లెక్క అలా చెప్పదు. కిలో బియ్యానికి 700 గ్రాముల బెల్లం వేసి 45 అరిసెలు చేస్తే, పీల్చిన నూనె, నెయ్యి కలిపి ఒక్కోటి 190 కేలరీల దగ్గర తేలుతుంది. బెల్లం 15 గ్రాములకు పైనే. అంటే కలిపిన తీపిలో కేకు ముక్క కంటే అరిసెది పైచేయి. బెల్లంలో ఇనుము ఉందన్న మాట నిజమే కానీ, పదిహేను గ్రాముల్లో ఉండే ఇనుము కోసం అరిసె తినడం గోరంత పసుపు కోసం బిర్యానీ తిన్నట్టు. బెల్లంలో అధిక భాగం పంచదారే. రక్తంలో చక్కెరకు రెండూ ఒకటే.

నూనె సంగతి మాత్రం వంట చేసేవాళ్ల చేతిలో ఉంది. అరిసె నూనె పీల్చడం, పీల్చకపోవడం పాకంలోనే తేలిపోతుంది. బియ్యం ఒక రాత్రి, ఒక పగలు నానాలి. మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే గిర్నీకి పట్టుకెళ్లి, జల్లించిన పిండిని గట్టిగా అదిమి మూత పెట్టాలి. పిండి ఆరిందంటే అరిసె పగులుతుంది, పగిలిన ప్రతి గీతలోకీ నూనె దిగుతుంది. పాకం చుక్కను నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. అంతకంటే లేతైతే అరిసె మూకుడులోనే చెదిరి నూనె తాగుతుంది, ముదిరితే పంటికి లొంగదు. నూనె సరిగా కాగకుండా వేసినా తాగుడే. తీసిన వెంటనే, వేడిగా ఉండగానే రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కాలి. చల్లారాక ఎంత నొక్కినా కారదు. ఈ ఒక్క పనికి బద్ధకించే ఇంటి అరిసెను కాగితం మీద పెట్టి చూస్తే చాలు, మరక అంతా చెప్పేస్తుంది.

గులాబీ పువ్వులది వేరే కథ. ఒక్కోటి తేలిక, కరకరలాడుతుంది, నోట్లో వేసుకుంటే ఏమీ తినలేదనిపిస్తుంది. అందుకే చెయ్యి ఆగదు. ఒక కప్పు బియ్యప్పిండి, ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిక్కటి కొబ్బరిపాలు దాదాపు కప్పు, చిటికెడు ఉప్పు, కాసిన్ని నువ్వులు. పిండి గరిటెకు పల్చటి పూతలా పట్టాలి. గుత్తిని, అంటే పువ్వు అచ్చును, నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పై అంచు మునిగితే పువ్వు గుత్తిని చుట్టుకుని ఊడదు. గుత్తి చల్లగా ఉంటే పిండి జారిపోతుంది, మరీ కాగితే ముంచగానే చుయ్యిమని ఉడికి గిన్నెలోనే రాలుతుంది. కొత్త గుత్తి అయితే ముందురోజు రాత్రి నూనెలో నానబెట్టి, మొదటి నాలుగైదు పువ్వులు పోయాయనుకోవాలి. పంచదార ఎక్కువైతే రంగు త్వరగా మాడి, అతుక్కుంటుంది. గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే రెండో రోజుకే మెత్తబడతాయి. పెద్ద డబ్బా ఒక్కటి కంటే నాలుగు చిన్నవి మేలు. ఒకటి తెరిచినప్పుడు మిగతా మూడు కరకరలాడుతూనే ఉంటాయి. రెండో డబ్బా మూత తీయాలంటే లేచి వెళ్లాల్సి రావడం అదనపు లాభం.

కల్‌కల్స్ గురించి ఒక్కమాట: పైన పంచదార పాకం పట్టించకుండా కూడా బాగానే ఉంటాయి. పిల్లలకు దువ్వెన మీద చుట్టే పని ఇస్తే చాలు, సంబరం అక్కడే తీరిపోతుంది.

కొనేటప్పుడు

ప్యాకెట్ మీద దినుసుల వరుస చూడాలి. బరువులో ఏది ఎక్కువో అది ముందు రాయాలని ఆహార భద్రతా నిబంధన. ఎండుపళ్లు మొదటి మూడింట్లో లేకపోతే, దాని పేరు ప్లమ్ కేకే అయినా తింటున్నది రంగు వేసిన మైదా, పంచదార. టూటీ ఫ్రూటీ అన్నది పంచదార పాకంలో ఉడికించి రంగు వేసిన పచ్చి బొప్పాయి ముక్క. చవక కేకుల్లో ఎర్రగా, పచ్చగా మెరిసేవి అవే. 2022 నుంచి నూనెల్లో, వనస్పతిలో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నియమం ఉంది. అయినా అంగిలికి మైనంలా అంటుకునే కేకును పక్కన పెట్టడమే మంచిది. క్రీము కేకులు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. ఆరాధన ముందు కోసి, ఆరాధన తర్వాత పంచితే గంటల లెక్క తప్పుతుంది.

రమ్ము పోసిన కేకు ఓవెన్‌లో పెడితే మద్యం అంతా ఎగిరిపోతుందన్న నమ్మకం సగమే నిజం. గంట ఉడికాక కూడా పావు వంతు దాకా మిగులుతుంది. చల్లారాక పైన చెంచాలతో పోసింది దాదాపు అంతా అలాగే ఉంటుంది. మద్యం ముట్టని ఇళ్లు, మానేసిన మనుషులు, పిల్లలు, కొన్ని మందులు వాడేవాళ్లు ఉంటారు కాబట్టి పంచే డబ్బా మీద చీటీ అంటించడం మర్యాద.

విందు పూట

బగారన్నం, మటన్ కూర ఉన్న చోట కేకును భోజనం తర్వాత పెట్టడం రివాజు. షుగర్ ఉన్నవాళ్లకు ఒక పోలిక పనికొస్తుంది. 60 గ్రాముల కేకు ముక్కలో పిండిపదార్థాలు దాదాపు 30 గ్రాములు, ఇంచుమించు వంద గ్రాముల అన్నంతో సమానం. కేకు తినాలనుకుంటే ఆ మేరకు అన్నం తగ్గించాలి. ముందు ఉల్లిగడ్డ, కీరా, కూర ముక్కలు తిని, ఆ తర్వాత అన్నానికి వెళ్తే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక పావుగంట నడక కూడా అంతే మేలు. అమ్మమ్మలూ తాతయ్యలూ చేసే పెద్ద పొరపాటు ఇంకోటుంది. మధ్యాహ్నం విందు ఉందని పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ మానేసి ఆరాధనకు వెళ్లడం. ఆరాధన సాగి, భోజనం రెండింటికి జరిగితే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరగవచ్చు. ఇడ్లీ రెండైనా తిని వెళ్లాలి. మోతాదు మార్చాలంటే డాక్టర్‌ను అడిగే మార్చాలి. బీపీ ఉన్నవాళ్లు కేకు కంటే జంతికలు, పచ్చడి, అప్పడాల ఉప్పు చూసుకోవాలి. రాత్రి విందైతే పడుకునే ముందు రెండు మూడు గంటల ఎడం లేకపోతే గుండెల్లో మంట తప్పదు. కొవ్వు ఎక్కువున్న కూర కడుపులోంచి కదలడానికే చాలాసేపు పడుతుంది.

మిగిలిపోయిన కేకే ఇంట్లో అసలు పరీక్ష. బల్ల మీద గాజు మూత కింద పెడితే ఆ దారిన పోయిన ప్రతిసారీ చిన్న తుంపు తెగుతుంది. డిసెంబరు చలికి బటర్ పేపర్‌లో చుట్టిన పళ్లరసం కేకు బయట ఐదారు రోజులు ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు. అంతకంటే దాచాలంటే ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి, మూడు నెలలు నిలుస్తుంది. కట్టలా ఒకేసారి చుడితే ఒక ముక్క కోసం అన్నీ కరిగించాల్సి వస్తుంది, కరిగినవి ఎవరో ఒకరు తినాల్సి వస్తుంది. విడిగా చుట్టిన ముక్క గడ్డ కరిగి మెత్తబడటానికి గంట పడుతుంది. ఆ గంట గడిచేలోపు టీ తాగడం ఎలాగూ అయిపోతుంది.